ల్యాబ్ ప్రింటరు దొరకలేదు

ఆసుపత్రిలో అందరూ ఆమెను రిపోర్టులక్క అనేవాళ్లు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. ల్యాబులో వాడే పాత డేటాబేస్ ప్రోగ్రాము ఆమె చేతుల మీదుగానే నడిచేది. దాన్ని మొదట రాసిన కంపెనీ ఎప్పుడో దుకాణం కట్టేసింది. రాసినవాళ్లలో ఒక్కరి ఫోను నంబరు కూడా మిగల్లేదు. అందుకని ఏ కాగితం వంకరగా వచ్చినా, ఏ అంకె పక్క గడిలో పడినా "రిపోర్టులక్కని పిలవండి" అనేవాళ్లు. ఆమె ఆసుపత్రి ఉద్యోగి కాదు. ఇంట్లో ముందుగదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు పెట్టుకుని, ఇలాంటి ముసలి ప్రోగ్రాములకు వైద్యం చేయడమే ఆమె పని. కొత్తవి రాయడానికి కావలసినంతమంది ఉన్నారు, పాతవాటిని పలకరించే దిక్కే లేదు అని నవ్వుతూ ఉండేది.

ఆ నవ్వు ఆరిపోయిన రోజు సంగతి ఇది.

పొద్దున్నే మేనేజరుగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆయన మామూలుగా ఫోను చేస్తే రెండు ముక్కల్లో పెట్టేసే మనిషి. ఆరోజు మాత్రం పిల్లలు బాగున్నారా, అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి అంటూ కుశలప్రశ్నలతో మొదలుపెట్టాడు. అక్కడే ఆమెకు అనుమానం తగిలింది. చివరికి అసలు విషయానికి వచ్చాడు. ల్యాబు టైపిస్టు తప్పు బటన్ నొక్కి ఒక పేషెంటు రిపోర్టును బయట హాల్లో ఉన్న మెషీనుకు పంపించిందట. అది నలుగురి కంటా పడిందట. గొడవైందట. పెద్ద డాక్టరమ్మ, అంటే ఆసుపత్రి డైరెక్టరు, విచారణ పెట్టిందట. రిపోర్టులక్క వచ్చి ప్రోగ్రాములో లోపమేమీ లేదని ఆవిడ ముందు ఒక్క మాట చెబితే సరిపోతుందట.

"ప్రోగ్రాము బాగానే ఉందని తేలితే మీకూ మంచిదే కదా మేడమ్" అన్నాడు. ఆ మాటలో తేనె ఎంత ఉందో బెదిరింపు కూడా అంతే ఉంది.

చూడకుండా ఏమీ చెప్పలేనని ఆమె ఫోను పెట్టేసింది.

ఆసుపత్రికి వెళ్లాక మేనేజరు గదికి వెళ్లకుండా నేరుగా ల్యాబుకే వెళ్లింది. ల్యాబు వరండా చివర ఉంటుంది. ఒక పక్క శాంపిళ్లు తీసుకునే చిన్న కిటికీ, ఇంకో పక్క ఫ్రిజ్జులు, మధ్యలో టైపిస్టు బల్ల. టైపిస్టు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. చుట్టూ ఎంత హడావుడి ఉన్నా తన కీబోర్డు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు రానివ్వదు. ఆరోజు ఆ చప్పుడు కూడా లేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బల్ల మీద మెమో ఉంది. "మీ నిర్లక్ష్యానికి ఎందుకు చర్య తీసుకోరాదో తెలపండి" అని.

రిపోర్టులక్క చూపు మెమో మీద కాదు, పక్క బల్ల మీద ఆగింది. ఎప్పుడూ ప్రింటరు ఉండేచోట గ్లవుజుల డబ్బాలు పేర్చి ఉన్నాయి.

"ఇక్కడి ప్రింటరేది?" అని అడిగింది.

టైపిస్టు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి మొత్తం చెప్పింది. మేనేజరుగారి గదిలో ప్రింటరు కీచుమని అరుస్తోందట, కాగితాలు నలుపుతోందట. ల్యాబులోది చప్పుడు చేయదు, అచ్చు ముత్యాల్లా వస్తుంది. ఒకరోజు ఇద్దరు మనుషులొచ్చి దాన్ని ఎత్తుకుపోయి ఆయన గదిలో పెట్టారు. మరి మా సంగతేమిటని టైపిస్టు అడిగితే, హాల్లో రిజిస్ట్రేషను కౌంటరు పక్కన అంత పెద్ద మెషీను ఉంది కదా, అందరూ దాన్నే వాడుకుంటున్నారు, మీకేమైనా ప్రత్యేకమా అన్నాడట. పేషెంట్ల కాగితాలు అక్కడ పడి ఉంటాయి సార్ అంటే, నొక్కగానే పరిగెత్తుకెళ్లి తెచ్చుకో అన్నాడట.

ఆమె నిజంగానే పరిగెత్తేది. బటన్ నొక్కడం, వరండా అంతా దాటుకుని హాల్లోకి ఉరకడం, కాగితం గుండెకు హత్తుకుని తిరిగి రావడం. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. సగం సైజు కాగితం కోసం తయారైన రిపోర్టు ఆ పెద్ద మెషీనులో కింద రెండు గీతలు తెగిపోయి వచ్చేది. వాటిని చేత్తో రాసుకునేది. ఆ సంగతీ చెప్పింది. గోడకు చెప్పినట్టయింది.

"ఆరోజు ఏం జరిగింది?" అని రిపోర్టులక్క అడిగింది.

ఆరోజు బటన్ నొక్కి లేచేసరికి కిటికీ దగ్గర ఒక తల్లి, చేతిలో గుక్కపట్టి ఏడుస్తున్న పసిబిడ్డ. బిడ్డ చేతికి కట్టిన దూది ఊడి రక్తం కారుతోంది. లోపల ఇంకెవరూ లేరు. టైపిస్టు ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని దూది అదిమిపెట్టి నిలబడింది. ఆ కాసేపట్లో హాల్లో మెషీను తన పని తాను చేసింది.

వచ్చిన కాగితం ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడది. గర్భం ఉందో లేదో తెలుసుకునే పరీక్ష. కౌంటరు క్లర్కు తన కాగితాల కోసం చెయ్యి పెడితే అది తగిలింది. చదివింది. ఆ అమ్మాయిలో చెడు లేదు. లాండ్రీ ఆవిడంటే ఇష్టం కూడా. పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లల్లేరని జాలి. సంతోషం ఆపుకోలేక పక్క క్లర్కుకి చెప్పింది. ఆమె వార్డు ఆయాకి చెప్పింది. ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ లాండ్రీ ఆవిడ వరండాలోకి వచ్చేసరికి నలుగురు చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు. మిఠాయి ఎప్పుడు పెడుతున్నావన్నారు. తన కడుపులో సంగతి తన కాగితం చూసుకోకముందే వరండా అంతటికీ తెలిసిపోయింది.

వాళ్లెవరికీ తెలియనిది ఒకటుంది. ఆవిడకు అంతకుముందు కూడా కడుపు వచ్చి, నిలవకుండా పోయింది. ఒకసారి కాదు. పోయినసారి భర్త ముందే ఉయ్యాల కొనుక్కొచ్చి, తర్వాత దాన్ని ఎవరికీ కనబడకుండా అటక మీదికి ఎక్కించాడు. అందుకే ఈసారి గట్టిపడేదాకా భర్తకు కూడా చెప్పకూడదనుకుంది. ఆసుపత్రిలో పనిచేసే ఎవరి నోటనో ఆవిడ ఆడపడుచు చెవిన పడింది. సాయంత్రానికి ఇంటినిండా చుట్టాలు. భర్త ముఖంలో వెలుగు చూసి ఆవిడ ఏమీ అనలేకపోయింది.

కొన్నాళ్లకు ఆ కడుపు కూడా పోయింది.

సెలవు ముగించుకుని వచ్చిన రోజున లాండ్రీ ఆవిడ పనిలోకి వెళ్లకుండా మేనేజరు గదికి వెళ్లింది. నా కాగితం బయటికి ఎవరు వదిలారో చెప్పమంది. అరవలేదు, ఏడవలేదు. చెప్పేదాకా కదలనని గుమ్మంలో నిలబడిపోయింది. ఆ గుమ్మంలోంచి ఆవిడను కదిలించడానికి మేనేజరుకు ఒక పేరు కావాల్సి వచ్చింది. టైపిస్టు పేరు దొరికింది.

అంతా విన్నాక రిపోర్టులక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. లాండ్రీ ఆవిడ నిలబడి అడుగుతున్నప్పుడు ఆ ల్యాబు ప్రింటరు అదే గదిలో, ఆయన మోచేతి పక్కనే ఉంది కదా. దాన్ని పక్కన పెట్టుకునే ఆయన ఇంకొకరి పేరు చెప్పాడు.

కంప్యూటరు ముందు కూర్చుని రిపోర్టును తెరిచి చూసింది. ఆమెకు తెలిసిన సంగతే, అయినా కళ్లతో చూసుకుంది. ఈ పాత ప్రోగ్రాములో ప్రతి రిపోర్టూ తన కడుపులో ఒక ప్రింటరు పేరు దాచుకుంటుంది. కాగితం ఎంత సైజు, నిలువా అడ్డమా, ఏ ట్రేలోంచి తీసుకోవాలి, అన్నీ దాచుకుంటుంది. తయారుచేసిన రోజున ఏ ప్రింటరు ఎదురుగా ఉంటే అదే దానికి ప్రపంచం. ఆ పేరుతో ప్రింటరు కనబడకపోతే అది ఆగదు, అడగదు. ఆ కంప్యూటరుకు మామూలుగా ఏ మెషీను తగిలించి ఉంటే దానికి నోరు మూసుకుని పంపేస్తుంది. తెర మీద ఉన్నది ఒకే ఒక్క బటన్, "ముద్రించు" అని. ఒక్క బటన్ ఉన్నచోట తప్పు బటన్ ఎక్కడిది?

ఈ ముప్పు ఆమె ముందే చెప్పింది కూడా. ల్యాబుకు కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు, ఏ కాగితం ఏ ప్రింటరుకు వెళ్లాలో ప్రోగ్రామే చూసుకునేలా నాలుగు వరసల కోడు రాస్తానని, ప్రింటరు లేకపోతే ఆగిపోయేలా చేస్తానని మేనేజరును అడిగింది. నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతారు మేడమ్ అని ఆయన చేయి ఊపేశాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికెళ్లి భోజనానికి కూర్చుందన్న మాటే గానీ ముద్ద దిగలేదు. ఎదురుగా అత్తగారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసింది. కోడలు ముఖం చూసి కారణం అడిగి, అంతా విని, కంచంలో చెయ్యి ఆపేసింది.

"ఊళ్లో ఎవరింట్లో ఏం జరుగుతోందో మా చెవుల్లోంచే పోయేది" అంది అత్తగారు. "చావులు, అప్పులు, దొంగచాటు ప్రేమలు. నా సొంత తోడికోడలి గొడవ కూడా విన్నాను. మీ మామయ్యకి కూడా చెప్పలేదు. తీగ తప్పు చోట పెడితే మా సూపర్‌వైజరు మమ్మల్ని తిట్టేది, అది న్యాయం. తీగ పీకేసి పట్టుకుపోయి మమ్మల్ని తిట్టుంటే ఊరుకునేవాళ్లం కాదు."

"ఈ టైపిస్టు ఊరుకుంటుంది అత్తయ్యా. ఆవిడకి ఊరుకోవడమే అలవాటు."

"మరి నీకు?"

ఆమె మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేసి లేచింది.

విచారణ డైరెక్టరు గదిలో జరిగింది. పెద్ద డాక్టరమ్మ బల్లకు అటుపక్క కూర్చుంది. అలసిపోయిన మనిషి, మాట్లాడుతూనే ఏవేవో కాగితాల మీద సంతకాలు పెడుతుంది. మేనేజరు ఒక కుర్చీలో, రిపోర్టులక్కకు ఇంకో కుర్చీ. టైపిస్టు గోడ పక్కన నిలబడి ఉంది. ఆమెకు కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు. రిపోర్టులక్క లేచి, పక్కగదిలోంచి ఒక కుర్చీ తనే తెచ్చి టైపిస్టు దగ్గర పెట్టి, ఆమె కూర్చునేదాకా తాను కూర్చోలేదు.

మేనేజరు మొదలుపెట్టాడు. ల్యాబు రిపోర్టులు ల్యాబు ప్రింటరులోనే రావాలన్నది నియమమని, టైపిస్టు అజాగ్రత్తగా హాలు మెషీనును ఎంచుకుందని, ప్రోగ్రాములో లోపం లేదని నిపుణురాలు కూడా నిర్ధారిస్తారని చెప్పి ఆమె వైపు తిరిగాడు.

"ప్రోగ్రాములో లోపం ఉంది" అంది రిపోర్టులక్క.

మేనేజరు ముఖం మీద చిరునవ్వు ఉన్నచోటే బిగుసుకుపోయింది.

లోపం ఏమిటో ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. తన ప్రింటరు కనబడకపోతే ఈ ప్రోగ్రాము ఆ మాట చెప్పకుండా కాగితాన్ని వేరే చోటికి పంపేస్తుంది. దాన్ని సరిచేస్తానని ఇదివరకే అడిగితే వద్దన్నారు. ఎంచుకోవడానికి టైపిస్టు తెర మీద ఏమీ లేదు. ఇక ల్యాబు ప్రింటరు ఎందుకు కనబడలేదంటారా, అది ల్యాబులో లేదు. మేనేజరుగారి గదిలో ఉంది.

సంతకాలు పెడుతున్న చెయ్యి ఆగింది.

"ల్యాబు ప్రింటరు మీ గదిలో ఉందా?" అని పెద్ద డాక్టరమ్మ అడిగింది.

పరిపాలనా సౌలభ్యం కోసం తాత్కాలికంగా మార్చామని, దానికీ దీనికీ సంబంధం లేదని, జాగ్రత్తగా నొక్కితే సరిగ్గానే వస్తుందని మేనేజరు గబగబా సర్దబోయాడు.

రిపోర్టులక్క అంతదాకా నెమ్మదిగానే ఉంది. ఆ చివరి మాట విన్నాక ఆగలేకపోయింది. డైరెక్టరు బల్ల మీద ఉన్న కంప్యూటరులోనూ ఆ ప్రోగ్రామే ఉంది, దానికి తగిలించి ఉన్నదీ ఆ హాలు మెషీనే. తెర ఆయన వైపు తిప్పింది.

"అయితే మీరే జాగ్రత్తగా నొక్కండి సార్. మొన్న సిబ్బందందరికీ పరీక్షలు చేశారు, మీవి కూడా ఉన్నాయి ఇందులో. మీ పేరు టైపు చేసుకుని, మీ రిపోర్టే ముద్రించండి. ఇప్పుడు హాల్లో జనం బాగానే ఉన్నారు."

మేనేజరు చెయ్యి బల్ల మీదికి వచ్చింది. మౌసు దాకా వెళ్లలేదు. ఆయన రక్తంలో ఏముందో ఆ గదిలో ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కర్లేదు కూడా. కానీ పక్కన ఉన్న నీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండానే మళ్లీ కింద పెట్టాడు.

"ఇదంతా అనవసరం" అన్నాడు చివరికి.

"లాండ్రీ ఆవిడ విషయంలో అనవసరం అనిపించలేదు మీకు" అంది ఆమె.

పెద్ద డాక్టరమ్మ ఇద్దరినీ ఆపింది. ప్రోగ్రామును వెంటనే సరిచేయమంది. ప్రింటరు సంగతి తాను మాట్లాడతానంది. మెమో సంగతి తర్వాత చూద్దామంది. ఈ తర్వాత చూద్దాం అన్న మాట దగ్గర రిపోర్టులక్కకు మళ్లీ ఒళ్లు మండింది. నింద వేయడానికి వెంటనే, తీయడానికి తర్వాత. మెమో ఇవ్వడానికి ఎవరూ తర్వాత అనుకోలేదు కదా. అయినా ఒక విషయం మాత్రం డైరెక్టరు ముందే స్పష్టం చేసింది. తాను రాసే కోడు ప్రింటరు లేకపోతే ఏ కాగితాన్నీ కదలనివ్వదు. ల్యాబుకు ప్రింటరు తిరిగి రాకపోతే రిపోర్టులు ఆగుతాయి. అత్యవసరమైనవి ల్యాబు డాక్టరు నేరుగా ఫోనులో వార్డు డాక్టర్లకు చెప్పేలా ఏర్పాటు చేసుకోవాలి. పెద్ద డాక్టరమ్మ తలూపి, ల్యాబు డాక్టరుకు అప్పుడే ఫోను చేసి చెప్పింది.

టైపిస్టు బల్ల దగ్గరే కూర్చుని ఆమె ఆ కోడు రాసింది. రిపోర్టు తెరుచుకోగానే ముందు దాని కడుపులో దాచుకున్న పాత పేరును నమ్మడం మానేస్తుంది. ఈ కాగితం ఏ ప్రింటరుకు పోవాలో విడిగా ఒక పట్టికలో చూసుకుంటుంది. ఆ కంప్యూటరుకు తెలిసిన ప్రింటర్లన్నింటినీ ఒక్కొక్కటిగా అడుగుతుంది, నీ పేరు ఇదేనా అని. దొరికితే సగం సైజు కాగితం, పై ట్రే, నిలువు అని అన్నీ తానే చెప్పి పని అప్పగిస్తుంది. పని కాగానే ముందున్న ప్రింటరును మళ్లీ దాని స్థానంలో పెట్టేస్తుంది. మధ్యలో కాగితం ఇరుక్కున్నా, తీగ ఊడినా సరే, ఆ తిరిగి పెట్టడం మాత్రం ఆగకూడదు. లేకపోతే ట్యూబులకు అంటించే చీటీలు కూడా రిపోర్టుల ప్రింటరులోకి దూరతాయి. దొరక్కపోతే ఏం చేయాలన్న చోటికి వచ్చేసరికి ఆమె వేళ్లు ఆగాయి. మామూలుగా ఇలాంటిచోట అందరూ సంఖ్యలతో ఒక అర్థంకాని వాక్యం పెడతారు. ఆమె చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యేలా రాసింది.

"ల్యాబ్ ప్రింటరు దొరకలేదు. రిపోర్టు ముద్రించలేదు. ఇంకెక్కడికీ పంపలేదు."

టైపిస్టు దాన్ని తెర మీద చదివి, మెల్లగా ఇంకోసారి చదివింది. ఆ రోజుల్లో ఆమె ముఖంలో కాస్త ప్రాణం కనబడింది అప్పుడే.

మర్నాడు మేనేజరు ప్రింటరు పంపలేదు. డైరెక్టరు ఏమి మాట్లాడిందో, ఈయన ఏమి సర్దిచెప్పాడో, ప్రింటరు మాత్రం ఆయన గదిలోనే చల్లగా కూర్చుంది. ల్యాబులో మొదటి రిపోర్టుకే ఆ మూడు వాక్యాలు తెర మీద ప్రత్యక్షమయ్యాయి. రెండోదానికీ అంతే. ప్రాణం మీదివి ల్యాబు డాక్టరు ఫోనులో చెబుతూనే ఉన్నాడు. మిగతావి ఒక్కటీ కదల్లేదు. వార్డుల నుంచి మనుషులు వచ్చి ఖాళీ చేతులతో వెళ్లారు. తర్వాత డాక్టర్లే వచ్చారు. టైపిస్టు ఎవరికీ ఏమీ వివరించలేదు. తెర చూపించింది. వాళ్లు చదువుకుని, మరి ల్యాబు ప్రింటరు ఎక్కడుందని అడిగారు. ఎక్కడుందో చెప్పింది. ఒక్కొక్కరే అటు నడిచారు.

రిపోర్టులక్క ఫోను మోగింది.

"ఆ అడ్డం తీసేయండి ముందు" అన్నాడు మేనేజరు. "ఎక్కడో ఒకచోట రానివ్వండి కాగితాలు. నా గుమ్మంలో డాక్టర్లు నిలబడి ఉన్నారు."

"తీయను సార్."

"మీరు కాకపోతే ఇంకొకరు తీస్తారు."

"పిలిపించుకోండి. వచ్చినాయనకి ఎందుకు తీయమంటున్నారో కూడా చెప్పండి. పేషెంట్ల జబ్బులు పదిమందిలో పడేయడానికి అని."

ఆయన ఫోను విసిరికొట్టిన చప్పుడు ఆమెకు వినబడింది. ఆ ఆసుపత్రి పని పోతుందని తెలుసు, పోతే పోనీ అని కూడా అనుకుంది. భోజనాల వేళకు ముందే టైపిస్టు నుంచి ఫోను. ఇద్దరు మనుషులు ల్యాబు ప్రింటరును బండి మీద పెట్టుకుని వరండాలోంచి తోసుకొస్తున్నారట. వెనకాల ఇద్దరు డాక్టర్లు కూడా నడుస్తున్నారట, ఊరేగింపులాగా. గ్లవుజుల డబ్బాలు కిందికి దిగాయి. తీగ పెట్టగానే ఆగిన కాగితాలు ఒకదాని వెనక ఒకటి సగం సైజులో, కింద గీత కూడా తెగకుండా వచ్చాయి.

ఇక్కడితో అయిపోయి ఉంటే రిపోర్టులక్క కోపం కూడా చల్లారేదేమో. అవలేదు. కొద్దిరోజుల తర్వాత ఏదో చిన్న సవరణ కోసం వెళ్తే, టైపిస్టు ఒక కొత్త కాగితం చూపించింది. "మొదటి తప్పిదంగా భావించి, మానవతా దృక్పథంతో మిమ్మల్ని క్షమించడమైనది. ఇకముందు జాగ్రత్త వహించగలరు." కింద, అందుకున్నట్టు టైపిస్టు సంతకం పెట్టడానికి ఖాళీ వదిలి ఉంది.

రిపోర్టులక్క ఆ కాగితం చదివిన తీరు చూసి పక్కనున్న ల్యాబు డాక్టరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"క్షమించడానికి నువ్వేం చేశావని?" అంది. "ఎవరు ఎవర్ని క్షమిస్తున్నారిక్కడ? ఇటివ్వు, నేను పోయి ఆయన బల్ల మీదే…"

"వద్దక్కా" అంది టైపిస్టు.

ఇదే ఆమెతో వచ్చిన చిక్కు, మళ్లీ మింగేసి ఊరుకుంటుంది అనుకుంటూ రిపోర్టులక్క ఏదో అనబోయింది. టైపిస్టు ఆ కాగితం ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని మడతపెట్టింది.

"మీరెందుకు వెళ్లడం? నా కాగితం కదా. నేనే వెళ్తాను."

వెళ్లింది. అక్కడ ఏం జరిగిందో తర్వాత మేనేజరు గది బయట కూర్చునే అటెండరు చెబితేనే అందరికీ తెలిసింది. టైపిస్టు ఆ కాగితం బల్ల మీద పెట్టి, దీని మీద సంతకం పెట్టను సార్ అందట. ఆయన కారణం అడిగితే, చేయని తప్పుకి క్షమాభిక్ష పుచ్చుకోవడం నాకు చేతకాదు అందట. ఇది నీకు మేలు చేయడానికేనని ఆయన అంటే, నాకు మేలొద్దు, మెమో రద్దు చేయండి చాలు అందట. ఆ తర్వాత గొంతు ఒక్క మెట్టు కూడా పెంచకుండా, వచ్చిన దారినే వెళ్లి తన కుర్చీలో కూర్చుందట.

ఆ కాగితం అలాగే నానింది. మేనేజరు ఒక మాట మార్చి ఇంకోటి పంపాడు. "తప్పిదం" అన్నచోట "అవగాహనా లోపం" అని. అదీ సంతకం లేకుండానే తిరిగొచ్చింది. చివరికి పెద్ద డాక్టరమ్మే విసిగిపోయి, ఫలానా మెమో రద్దు చేయడమైనది అని ఒక్క వాక్యం తన చేత్తో రాసి పంపింది. టైపిస్టు దాని మీద సంతకం పెట్టింది. మేనేజరు మాత్రం అదే గదిలో, కీచుమనే తన పాత ప్రింటరుతో, ఎప్పటిలాగే ఉన్నాడు. ఆయనకు ఎవరూ ఏ మెమో ఇవ్వలేదు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా రిపోర్టులక్కకు ఇప్పటికీ పళ్లు నూరుకోవాలనిపిస్తుంది.

లాండ్రీ ఆవిడను ఎవరైనా కలిశారా అని ఆమె టైపిస్టును అడిగింది. కౌంటరు క్లర్కు వెళ్లి కాళ్లావేళ్లా పడి ఏడ్చిందట. పైవాళ్లెవరూ వెళ్లలేదట. ఇద్దరూ కలిసి వెళ్లారు.

లాండ్రీ ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఉంది. లోపల ఆవిరి, సబ్బు వాసన, తిరుగుతున్న పెద్ద డ్రమ్ముల మోత. ఆవిడ తెల్లదుప్పట్లు మడతపెడుతోంది. ఇద్దరినీ చూసి చేతులు ఆపలేదు. దుప్పటి రెండో కొస పట్టుకోమని టైపిస్టుకు అందించింది. అలా మడతలు పెడుతూనే రిపోర్టులక్క చెప్పింది విన్నది. ప్రింటరు ఎవరి గదికి వెళ్లింది, ప్రోగ్రాము ఎలా ఊరుకుంది, ఇప్పుడు ఎలా మార్చారు, అంతా.

"మంచి పని చేశారు" అంది ఆవిడ. ఇంకో దుప్పటి తీసుకుంది. "ఇంతకుముందు పోయినప్పుడు ఒక్కదాన్నే ఏడ్చుకున్నానమ్మా. తలుపేసుకుని. ఈసారి ఆ ఏడుపు కూడా నాకు మిగల్లేదు. కనబడ్డవాళ్లందరికీ జవాబు చెప్పాల్సొచ్చింది. మా ఆయనకైతే ఎలా చెప్పానో నాకే తెలీదు."

అంత కోడు రాసినా, అందరితో గొడవపడినా రిపోర్టులక్కకు అప్పుడు చేతనైంది ఒక్కటే. క్షమించమని అడిగింది. ఎవరి తరఫున అడుగుతోందో ఆమెకే తెలియలేదు.

లాండ్రీ ఆవిడ చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, "ఆ మెషీను ఎక్కడుందో చూడొచ్చా?" అని అడిగింది.

ముగ్గురూ వరండాలోంచి నడిచి వెళ్లారు. ల్యాబు తలుపు దగ్గర ఆవిడ ఆగింది. టైపిస్టు లోపలికి రమ్మని పిలిచి, ప్రింటరు చూపించి, పేరు లేని ఖాళీ రిపోర్టు ఒకటి నొక్కింది. కాగితం చప్పుడు లేకుండా జారి ట్రేలో పడింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. తర్వాత తలుపు వైపు తిరిగి, దానికి లోపల గడియ ఉందా లేదా అని చేత్తో తడిమి చూసింది. ఉంది. వేసి చూసింది, తీసి చూసింది.

"మా పక్క వీధిలో ఒకమ్మాయి ఉంది" అంది. "దానికీ ఏదో పరీక్ష చేయించాలి. ఇక్కడికి రావడానికి భయపడుతోంది, నా సంగతి విని. రమ్మని చెప్పనా?"

"చెప్పండి" అంది టైపిస్టు. "నా దగ్గరికే పంపించండి."

ఆవిడ తలూపి దుప్పట్ల దగ్గరికి వెళ్లిపోయింది.